ఇద్దరూ కలిసి ప్రార్థించడం: దంపతులకు, స్నేహితులకు కొన్ని ఆచరణీయమైన సూచనలు

తెలుగు క్రైస్తవ ఇళ్లలో ప్రార్థనకు కొదవ లేదు. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో గృహ కూటం, ఉపవాస ప్రార్థన, పిల్లల పుట్టినరోజుకు కృతజ్ఞతా కూటం, దూర ప్రయాణానికి బయలుదేరే ముందు అయ్యగారి చేత ఒక ప్రార్థన, ఇవన్నీ సాగుతూనే ఉంటాయి. అయినా భార్యాభర్తలు తామిద్దరే కూర్చుని, ఒకరి తరువాత ఒకరు పైకి వినబడేలా ప్రార్థించుకునే ఇళ్లు మనం అనుకున్నంత ఎక్కువగా లేవు. కూటంలో ఒకరు నడిపిస్తారు, మిగిలినవారు ఆమెన్ అంటారు, మనసు ఎటు పోయినా ఎవరికీ తెలియదు. ఇద్దరే ఉన్నచోట ఆ వెసులుబాటు ఉండదు. పొద్దున కూరలో ఉప్పు గురించి విసుక్కున్న గొంతే రాత్రి దేవునితో మాట్లాడుతుంటే పక్కనున్న మనిషి వింటుంటుంది. ఈ బిడియాన్ని దాటడానికి గొప్ప ఆత్మీయత అవసరం లేదు. కొద్దిపాటి ఏర్పాటు, కొన్ని నియమాలు, ఇద్దరి సమ్మతి ఉంటే చాలు.

ఇద్దరి ప్రార్థన గురించి మాట్లాడేటప్పుడు అందరూ మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని మాటనే ఎత్తుకుంటారు. ఇద్దరు ఏకీభవించి వేడుకున్నది పరలోకమందున్న తండ్రి వలన దొరుకుతుందని, ఇద్దరు ముగ్గురు తన నామమున కూడియున్నచోట తాను ఉంటానని యేసు చెప్పిన మాట అది. అయితే ఆ వాగ్దానం ఏ మాటల మధ్య ఉందో గమనించేవారు తక్కువ. దానికి ముందున్న వచనాలు తప్పు చేసిన సహోదరుని దగ్గరకు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని చెబుతాయి, దాని వెంటనే ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడుగుతాడు. అంటే ఏకీభవించడం గురించిన ఆ మాట తగవు తీర్చుకోవడానికీ క్షమించడానికీ నడుమ నిలిచి ఉంది. కోరికల జాబితాకు ఇద్దరి సంతకాలు పెడితే పని జరుగుతుందన్న అర్థంలో దాన్ని వాడుకునే బోధ మన దగ్గర చాలానే వినబడుతుంది, దాన్ని పక్కన పెట్టడం మంచిది. ఇద్దరూ కలిసి ప్రార్థించడానికి చేసే సిద్ధపాటులో ముఖ్యమైన భాగం ఒకరినొకరు వినడమే, ఈ కింది సూచనలన్నీ ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

మొదటిసారి అడిగే తీరు

ఆదివారం ప్రసంగం విని వచ్చిన ఊపులో "మన ఇంట్లో ప్రార్థనే లేదు, అందుకే ఇలా ఉన్నాం" అని మొదలుపెడితే ఎదుటివారికి అది నిందగానే వినబడుతుంది. దానికి బదులు కళ్లముందున్న ఒక అవసరాన్ని పట్టుకుని అడగాలి. "ఏవండీ, రేపు అత్తయ్యకు ఆపరేషన్ కదా, పడుకునే ముందు ఇద్దరం ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందామా" అన్న మాటకు కాదనేవారు అరుదు. మర్నాడు ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసినప్పుడు కృతజ్ఞత చెప్పడానికి మళ్లీ ఒక నిమిషం కూర్చోవచ్చు. ఆ రెండు రాత్రుల తరువాత, ఇది రోజూ చేసుకుందామా అని అడగడం సులువవుతుంది. అడిగినప్పుడు ఎంతసేపో కూడా చెప్పడం అవసరం. ఐదు నిమిషాలు అని చెప్పి ఐదు నిమిషాలకే ముగించాలి. చెప్పిన ఐదు నిమిషాలు అరగంటకు సాగితే, రెండో రోజు పిలిచేసరికి అవతలివారు నిద్రపోయి ఉంటారు.

వేళ విషయంలో ఎవరి ఇంటి పద్ధతి వారిది. రాత్రి భోజనం అయ్యాక గిన్నెలు సర్దే పని ఒక్కరి మీదే పడే ఇంట్లో, ఆ పని పూర్తి చేసి అలసిపోయిన మనిషిని ప్రార్థనకు పిలవడం న్యాయం కాదు. ముందు ఆ పనిలో చేయి కలిపి, తరువాత కూర్చోవాలి. ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ చేసేవారికి ఇల్లు చేరిన వేళే రాత్రి. ఉమ్మడి కుటుంబంలో గదికి గోడ పలచన కాబట్టి మేడ మీదకు వెళ్లవచ్చు, వీధి చివరి వరకు నడుస్తూ మాట్లాడుకోవచ్చు. మోకరించడం, కూర్చోవడం, చేతులు పట్టుకోవడం, ముసుగు వేసుకోవడం మీ సంఘపు అలవాటును, మీ మోకాళ్ల ఓపికను బట్టి నిర్ణయించుకోవలసినవే. ఫోన్లు మాత్రం ఇంకో గదిలో ఉండాలి.

కూర్చున్నాక ఏం చేయాలి

చాలామంది కూర్చోగానే కళ్లు మూసుకుంటారు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ముందు కళ్లు తెరిచి ఉండగానే ఒకరినొకరు ఒక ప్రశ్న అడగాలి: "ఈ రోజు నీ మనసు మీద బరువుగా ఉన్నదేమిటి?" రెండు మూడు నిమిషాలు ఒకరు చెబుతుంటే రెండోవారు సలహా ఇవ్వకుండా వినాలి. ఈ సలహా ఇవ్వకపోవడమే అన్నిటికన్నా కష్టం, ముఖ్యంగా భర్తలకు. "ఆఫీసులో కొత్త మేనేజరుతో పడడం లేదు" అని భార్య చెప్పగానే "నువ్వు ఇలా అనాల్సింది" అని భర్త మొదలుపెడితే, ఆ రాత్రికి ప్రార్థన అయిపోయినట్టే. విన్నది సరిగా అర్థమైందో లేదో తెలుసుకోవడానికి "రేపటి మీటింగ్ గురించి భయపడుతున్నావు, దాని కోసం ప్రార్థించనా" అని తిరిగి అడిగితే చాలు. ఆ తరువాత ఒకరి సంగతి మరొకరు దేవునికి చెప్పాలి. తన బాధను పక్కవారి నోట ప్రార్థనగా వినడం వేరే అనుభవం. ఎంతకాలం వాదించుకున్నా అర్థం కాని విషయం కొన్నిసార్లు అలా అర్థమవుతుంది.

ప్రార్థన పొడవు గురించి నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. మొదటి నెలల్లో ఒక్కొక్కరు రెండు మూడు వాక్యాలు మించకూడదు. ఇద్దరిలో ఒకరికి కూటాల్లో ప్రార్థించే అలవాటు, మాట ధారాళంగా వచ్చే నేర్పు ఉంటే, ఆ వ్యక్తే ముందుగా రెండు వాక్యాల్లో ముగించాలి. రెండు వాక్యాలు చాలునని రెండోవారికి అప్పుడే నమ్మకం కలుగుతుంది. వ్యర్థమైన మాటలు విస్తరింపవద్దని, మీరు అడగకముందే మీకేమి అవసరమో తండ్రికి తెలుసునని మత్తయి 6వ అధ్యాయంలో ఉన్న మాట ఇక్కడ నేరుగా పనికివస్తుంది. భాష కూడా ఇంటి భాషే కావాలి. "మహోన్నతుడవు, సర్వాధికారివి అయిన మా దేవా" అని మొదలయ్యే వేదిక మీది తెలుగు అందమైనదే, దానికి ఒక చోటు ఉంది. అయితే గోదావరి యాసలోనో, పాలమూరు మాటలోనో పెరిగిన మనిషి ఆ భాష తనకు రాదన్న ఒక్క కారణంతో జీవితమంతా నోరు విప్పకుండా ఉండిపోతున్నాడంటే, ఆ అందం అతనికి అడ్డుగా నిలిచిందని ఒప్పుకోవాలి. "ప్రభువా, పెద్దోడికి జ్వరం తగ్గడం లేదు, మాకు భయంగా ఉంది, సాయం చేయండి" అన్నది పూర్తి ప్రార్థనే.

మాటలు రాని రోజులకు కీర్తనల గ్రంథం ఉండనే ఉంది. నిద్రకు ముందు 4వ కీర్తన, ప్రయాణానికి 121, ఇంటి పనులు, పిల్లల గురించి 127, 128, తప్పు చేసి కుమిలిపోతున్నప్పుడు 51, మేలు జరిగినప్పుడు 103 చదువుకోవచ్చు. 136వ కీర్తన ఇద్దరి కోసమే రాసినట్టు ఉంటుంది. అందులోని 26 వచనాలూ ఆయన కృప నిరంతరముండునన్న మాటతోనే ముగుస్తాయి కాబట్టి, ఒకరు మొదటి భాగం చదువుతుంటే రెండోవారు ఆ పల్లవిని పలకవచ్చు. చదువు అంతగా రాని భాగస్వామికి ఇది చాలా అనువైన పద్ధతి. చివర యేసు శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థనను ఇద్దరూ కలిసి, తొందర లేకుండా చెప్పుకుంటే ఆ రోజు పని పూర్తయినట్టు. కథోలిక దంపతులకు జపమాల ఇప్పటికే ఇలా మాటా మాటా పంచుకునే ప్రార్థనే. వారి బైబిల్లో ఉన్న తోబితు గ్రంథం 8వ అధ్యాయంలో పెళ్లిరాత్రి తోబియా, సారా లేచి నిలబడి చేసిన ప్రార్థన కూడా ఉంది, కొత్త దంపతులకు అంతకన్నా మంచి ఆరంభం దొరకదు.

ప్రార్థనను కొరడాగా వాడకూడదు

ఇద్దరి ప్రార్థన చాలా ఇళ్లలో మొదటి నెలలోనే ఆగిపోవడానికి అసలు కారణం వేళ కుదరకపోవడం అనుకుంటారు గాని, ఎక్కువచోట్ల కారణం వేరే ఉంటుంది. కళ్లు మూసుకున్న భార్య "ప్రభువా, మా ఆయనకు ఇంటి పట్టున ఉండే మనసు దయచేయండి" అంటుంది. మర్నాడు భర్త "ఈమె నోటికి కావలి ఉంచండి" అంటాడు, అదీ కీర్తనల గ్రంథంలోని మాటతోనే. ముఖాముఖి అనలేని మాటను దేవునికి చెబుతున్నట్టుగా పక్కవారికి వినిపించడం ఇది. ఎదుటివారు జవాబు చెప్పలేరు, ప్రార్థన మధ్యలో వాదించకూడదు కదా. ఇలాంటి ప్రార్థన రెండుసార్లు విన్నవారు మూడోసారి రారు, రాకపోవడంలో తప్పు కూడా లేదు.

దీనికి ఒక నియమం ముందుగానే పెట్టుకోవాలి. నా తప్పును నేను నా నోటితో ఒప్పుకుంటాను, నీ విషయంలో నువ్వు అడగమన్నది మాత్రమే అడుగుతాను. భర్త కోపం గురించి భార్యకు ప్రార్థించాలని ఉంటే, ఒంటరిగా ఉన్నప్పుడు ఎంతైనా ప్రార్థించవచ్చు. ఇద్దరూ కలిసినప్పుడు ఆ మాట భర్త నోట రావాలి. ఆ నియమం ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒక రాత్రి అతను "ఈ రోజు పిల్లవాడి మీద అనవసరంగా అరిచాను, నా కోసం ప్రార్థించు" అని తనంతట తాను అనే అవకాశం ఉంటుంది, లేని ఇంట్లో ఉండదు.

పోట్లాడుకున్న రాత్రి ఏం చేయాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయం చెబుతుంది, అదే క్రమం ఇక్కడా వర్తిస్తుంది. "సరే, ప్రార్థన చేసుకుందాం రా" అంటూ తగవును మధ్యలో ముగించడం సమాధానం కాదు. క్షమాపణ మనిషికి చెప్పవలసినది మనిషికే చెప్పాలి. అంత మనసు రాని రాత్రి, విడివిడిగా మౌనంగా ప్రార్థించుకుని, రేపు మాట్లాడదామని ఒప్పుకుని పడుకోవడం అబద్ధపు ప్రార్థన కన్నా నయం. భార్యను ఘనపరచని భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం 7వ వచనం పురుషులను ఉద్దేశించే హెచ్చరిస్తోంది. లోబడడం గురించి దానికి ముందున్న వచనాలు మన ప్రసంగాల్లో వినబడినంతగా ఈ వచనం వినబడదు. ఇంటి యజమానే ప్రార్థన నడిపించాలన్న పట్టింపు కూడా అనేక ఇళ్లలో ఇద్దరి గొంతులనూ మూయిస్తోంది. అతనికి నడిపించడం రాదు, ఆమెకు నడిపించే వీలు లేదు. ఒకరోజు ఒకరు, మరుసటి రోజు మరొకరు మొదలుపెట్టడం అందరికీ నప్పే పద్ధతి.

కొట్టడం, తాగి వచ్చి హింసించడం ఉన్న ఇంట్లో ఈ సూచనలు వర్తించవు. అక్కడ "కలిసి ప్రార్థించండి, అంతా సర్దుకుంటుంది" అని చెప్పే పెద్దలు అపాయాన్ని పెంచుతున్నారు. ముందు సురక్షితమైన చోటు చూసుకోవాలి, నమ్మదగిన బంధువుకో సంఘ పెద్దకో చెప్పాలి, మహిళల సహాయం కోసం 181కి, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయాలి. అలా సహాయం కోరడం విశ్వాసానికి లోటు కాదు.

డబ్బు, బిడ్డలు, జవాబు రాని సంగతులు

అప్పుల గురించి ప్రార్థించే ముందు అప్పుల గురించి మాట్లాడుకోవాలి. భార్యకు తెలియకుండా స్నేహితుడికి జామీను ఉన్న భర్త, భర్తకు తెలియకుండా చిట్టీ పాడిన భార్య "మా ఆర్థిక ఇబ్బందులు తీర్చండి" అని కలిసి ఎంత ప్రార్థించినా ఏకీభవించినట్టు కాదు. ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసి, ఆ కాగితం ఇద్దరి మధ్య పెట్టుకుని ప్రార్థించడం మేలు. పిల్లలు కలగని దంపతుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ప్రతి కూటంలోనూ అందరూ తలమీద చేతులుంచి ప్రార్థించడంతో వారు ఇప్పటికే అలసిపోయి ఉంటారు. తమ ఇద్దరి ప్రార్థనలోనైనా ఆ సంగతి లేని రోజులు కొన్ని ఉండాలి. జెకర్యా, ఎలీసబెతుల గురించి లూకా రాసినప్పుడు, వారు వృద్ధులయ్యేవరకు బిడ్డలు లేకపోయినా ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని ముందే చెప్పి మరీ కథ మొదలుపెట్టాడు. ఎవరి పాపం వల్ల ఇలా జరిగిందోనని బంధువులు గుసగుసలాడేచోట ఆ మాట గుర్తుంచుకోవాలి. డాక్టరు దగ్గరకు వెళ్లవలసివస్తే ఇద్దరూ కలిసి వెళ్లడం కూడా ఈ ప్రార్థనలో భాగమే.

ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, ప్రార్థన అంశం, తరువాత ఏం జరిగిందో రాసుకోవడం ఉపయోగకరమే, అయితే దాన్ని దేవుని మీద పెట్టిన ఖాతా పుస్తకంగా మార్చకూడదు. కొన్ని గడులు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటాయి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి ఆ ఊరి కోసం ప్రార్థించారు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ వచ్చి ఒంగోలులో నివాసం ఏర్పరచుకున్నది 1866లో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినది 1878 జూలై 3న. కొండ మీద కూడినవారికి ఆ రోజు ఈ తేదీలేవీ తెలియవు. జవాబు ఆలస్యమైన కాలంలో, అడగడమే కష్టమైనప్పుడు, "ఎన్నాళ్లవరకు" అని నాలుగుసార్లు అడిగే 13వ కీర్తనను ఇద్దరూ కలిసి చదువుకోవచ్చు. సణగడానికి కూడా బైబిల్లో చోటుందని తెలిస్తే కొంత ఊరట.

స్నేహితుడితో, స్నేహితురాలితో

పెళ్లికానివారు, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారు, విశ్వాసంలో లేని భాగస్వామి ఉన్నవారు మాత్రమే కాదు, అన్యోన్యంగా ఉన్న దంపతులకూ ప్రార్థించే స్నేహం ఒకటి అవసరమే. రాజు కలను చెప్పకపోతే ప్రాణం పోయే స్థితిలో దానియేలు ఇంటికి వెళ్లి ముందు తన ముగ్గురు స్నేహితులకు సంగతి చెప్పి ప్రార్థించమన్నాడు, దర్శనం ఆ తరువాతే వచ్చింది. వారానికి ఒకసారి, ఒకే వేళకు, అరగంట సరిపోతుంది. పురుషుడు పురుషునితో, స్త్రీ స్త్రీతో ఈ రకమైన స్నేహం పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. మనసు లోతులు విప్పే చోట అనుబంధం తొందరగా పెరుగుతుంది, దానిని తేలికగా తీసుకోకూడదు.

ఇక్కడ అన్నిటికన్నా పెద్ద నియమం గోప్యత. "ఫలానా సిస్టర్ గారి కాపురం బాగాలేదట, ప్రార్థనలో పెట్టుకోండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాట ప్రార్థన అంశం వేషం వేసుకున్న చాడీ. స్నేహితురాలు చెప్పినది ఆమె అనుమతి లేకుండా పాస్టరు గారికి కూడా చేరకూడదు. ప్రాణాపాయం, పిల్లల మీద అఘాయిత్యం వంటివి తెలిస్తే మాత్రం దాచలేనని మొదటి రోజే చెప్పి ఉంచాలి. మీ పాపములను ఒకరితో ఒకరు ఒప్పుకొని ఒకరి కోసం ఒకరు ప్రార్థించమని యాకోబు 5వ అధ్యాయం 16వ వచనం చెప్పినది ఇలాంటి నమ్మకం ఉన్నచోటే సాధ్యం. అలాగే భార్య సంగతులు, భర్త సంగతులు వారికి తెలియకుండా స్నేహం ముందు పరచకూడదు.

దూరం, భేదం

కువైట్‌లోనో, డాలస్‌లోనో ఉన్న భాగస్వామితో ప్రార్థించేవారు ముందుగా గడియారాన్ని ఒప్పించుకోవాలి. కువైట్ మన కన్నా రెండున్నర గంటలు వెనుక కాబట్టి అక్కడ రాత్రి 8 గంటలైతే ఇక్కడ 10:30, అది కుదురుతుంది. డాలస్‌లో వేసవి రాత్రి 10 గంటలంటే ఇక్కడ మరుసటి ఉదయం 8:30, పిల్లల స్కూలు బస్సు వేళ, అది కుదరదు. అలాంటివారు వారానికి ఒకసారి మాట్లాడుకుంటూ ప్రార్థించి, మిగిలిన రోజుల్లో ఒక నిమిషం వాయిస్ మెసేజీగా ప్రార్థనను పంపుకోవచ్చు. డబ్బు పంపే సంగతులు మాట్లాడే ఫోన్ వేరు, ప్రార్థన ఫోన్ వేరుగా ఉంచుకోవాలి. రెండూ కలిస్తే రెండోది మిగలదు.

వేర్వేరు సంఘాల నుండి వచ్చిన దంపతులు పరలోక ప్రార్థన, కీర్తనలు ఇద్దరికీ ఉమ్మడివని గుర్తుంచుకుని అక్కడి నుండి మొదలుపెట్టాలి. ఒకరు భాషల్లో, అంటే ఆత్మ వరంగా భావించే, ఇతరులకు అర్థం కాని మాటల్లో ప్రార్థించేవారైతే, వినేవాడు గ్రహించలేనిదానికి ఆమెన్ ఎలా చెబుతాడని పౌలు కొరింథీయులను అడిగిన ప్రశ్నను ఆలోచించి, ఆ వరాన్ని ఏకాంత ప్రార్థనకు ఉంచుకోవచ్చు. భాగస్వామి క్రైస్తవ విశ్వాసి కానప్పుడు బలవంతం అసలు పనికిరాదు. "మీ కోసం ఈ రోజు ఏం ప్రార్థించను" అని అడగడం మాత్రం ఎవరినీ నొప్పించదు, జవాబు చెప్పినా చెప్పకపోయినా.

మధ్యలో వారం రోజులు, నెల రోజులు ఆగిపోవడం ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. ఎవరి వల్ల ఆగిందో తేల్చుకోకుండా, మొదటిసారి అడిగినట్టే మళ్లీ ఒక అవసరాన్ని పట్టుకుని మొదలుపెట్టాలి. పలుమార్లు ప్రయత్నించినా ఇద్దరికీ మాట పెగలకపోతే, సంఘంలో తమ కన్నా పెద్దవారైన, నోరు జారని ఒక దంపతులను భోజనానికి పిలిచి, వారు ఇంట్లో ఎలా ప్రార్థించుకుంటారో తమ ఎదుట ఒకసారి చేయమని అడగవచ్చు.